నాన్న సాయంత్రం ఎవరిది?

మన పేటల్లో నాన్న గురించి చెప్పమంటే మామూలుగా రెండు మాటలే వినబడతాయి. ఒకటి: "మా అయ్య కష్టజీవి. రెక్కలు ముక్కలు చేసుకుని మమ్మల్ని పెంచాడు." రెండోది: "మా అయ్య తాగేవోడు. అమ్మని కొట్టేవోడు." రెండూ నిజాలే. మేం కాదనం. కానీ ఈ రెండు మాటల మధ్యన ఒక మనిషి తప్పిపోయాడు. ఆయనకి ఏ పాటంటే ఇష్టం? ఏ కూరంటే ప్రాణం? సెలవు దొరికిన రోజు ఎక్కడ కూర్చునేవాడు, ఎవరితో నవ్వేవాడు? ఇవి అడిగితే మనవాళ్లు నవ్వేస్తారు. "ఇయ్యేటి బావూ, ఉద్యమ పత్రికలో రాసే సంగతులా?" అంటారు. రాయాల్సిన సంగతులే అంటున్నాం మేం. ఎందుకో చెప్తాం.

తెలుగులో నాన్నల గురించి రాసిన పుస్తకాలకి తక్కువేం లేదు. పడక్కుర్చీ, కాఫీ గ్లాసు, తాంబూలం పెట్టె, చదరంగం, సంగీత కచేరీ - అగ్రకులాల నాన్నల రుచులూ అభిరుచులూ మనకి కంఠతా వచ్చు. మన నాన్న ఆ పుస్తకాల్లోకి ఎప్పుడొస్తాడు? పాలేరుగా వస్తాడు. మోత కూలీగా వస్తాడు. పాకీ పనికి వస్తాడు. పని చేసి, దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. ఆయన ఇంటికి పోయాక ఏం చేస్తాడో ఆ పుస్తకం రాసినాయనకి తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. పనికి తప్ప దేనికీ పుట్టని మనిషిగా మనల్ని చూడ్డం కులం పెట్టిన మొదటి లెక్క.

మన రాతల్లో అయినా ఆయన నిండుగా ఉన్నాడా? 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు, 2012 జూన్‌లో మన ఉత్తరాంధ్రలోనే లక్ష్మీపేట. ఆ తేదీలు మనకి గుర్తున్నాయి. చనిపోయినోళ్ల పేర్లు పాటల్లో పెట్టుకున్నాం. అది ఉద్యమం చెయ్యాల్సిన పనే. కానీ వాళ్లు ఎలా చచ్చిపోయారో తెలిసినంతగా, ఎలా బతికారో మనకి తెలీదు. చంపబడిన ప్రతివాడూ ఒక ఇంట్లో నాన్నో, నాన్న కాబోయేవాడో. ఆ ఇంట్లో ఆయన కూర్చునే అరుగు ఒకటుంటుంది, ఆయన కోసం తీసిపెట్టే ముక్క ఒకటుంటుంది.

ఇదేదో ఇంటి ముచ్చటని తీసిపారెయ్యకండి. ఇష్టపడ్డం, ముస్తాబవడం, తీరిగ్గా కూర్చోవడం - ఇవి మనకి ఊరికే రాలేదు. ఇస్త్రీ చొక్కా తొడిగితే కళ్లెర్ర జేసిన ఊళ్లున్నాయి. చెప్పులేసుకుని వీధిలో నడిస్తే, మీసం మెలేస్తే, పెళ్లికొడుకు గుర్రమెక్కితే తన్నిన ఊళ్లున్నాయి. చుండూరు గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్నవాడికి తగిలిందన్నది సాకు. అసలు కోపం వాడి పక్కన కూర్చుని మనమూ సినిమా చూస్తున్నందుకు. మన సరదా కూడా వాళ్లకి తిరుగుబాటులాగే కనబడింది. అలాంటప్పుడు ఆ సరదాల చరిత్ర మనం రాసుకోకపోతే ఎలా?

బాబాసాహెబ్ ఇంటికి వెళ్లి చూద్దాం. ఆయన బొమ్మ మన ప్రతి గోడ మీదా ఉంది. కోటు, కళ్లజోడు, చేతిలో పుస్తకం. ఆ బొమ్మలోని మనిషికి కుక్కలంటే ముద్దు. మంచి కలాలంటే మోజు. వయసు మీద పడ్డాక వయొలిన్ నేర్చుకున్నాడు. బొమ్మలు వెయ్యడానికి కూర్చున్నాడు. బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడంటే పుస్తకాలకి చోటు కావాలనే కట్టుకున్నాడు. నాన్నగా ఆయన మోసిన దుఃఖం తక్కువది కాదు. రమాబాయికి పుట్టిన పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు, యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. 1935 మే 27న రమాబాయి కూడా పోయింది. ఆ తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పెద్ద పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చాడు. ఈ సంగతులు తెలిస్తే ఆయన ఎత్తు తగ్గుతుందా? దేవుణ్ణి చేసి దూరంగా నిలబెట్టిన మనిషి మన అరుగు మీదకి వచ్చి కూర్చుంటాడు.

ఆయన నాన్న రామ్‌జీ గురించి అంతకన్నా తక్కువ చెప్పుకుంటాం. పట్టాళంలో సుబేదారు, మిలటరీ బడిలో మాష్టారుగా చేసినవాడు. బొంబాయి పరేల్‌లో మిల్లు కూలీలుండే చాల్‌లో ఒక్క గదిలో కాపురం. పిల్లలకి రోజూ రామాయణం, భారతం చదివి వినిపించడం ఆయన అలవాటు. గది ఇరుకు, గోల ఎక్కువ. అందుకని కొడుకుని పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటి దాకా మేలుకుని, వాణ్ణి లేపి చదువుకి కూర్చోబెట్టాకే తాను నడుం వాల్చేవాడు. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి డబ్బుల్లేకపోతే, పెళ్లయిన కూతుళ్ల దగ్గర నగలు అడిగి తాకట్టు పెట్టేవాడు. రాజ్యాంగం రాసిన చేతి వెనక ఆ తండ్రి నిద్ర ఉంది, ఆ అక్కల నగలున్నాయి. చరిత్ర పుస్తకాల్లో రామ్‌జీకి ఒక వాక్యం దొరుకుతుంది. మన పేటల్లో అలాంటి రామ్‌జీలకి ఆ ఒక్క వాక్యమైనా లేదు.

తెలుగునాట దీనికి దారి చూపినవాళ్లు లేకపోలేదు. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం 'మా నాన్నగారు' అని పుస్తకమే రాసింది. వినుకొండలో చిన్నప్పుడు బొమ్మలు గీసుకుంటూ పాటలు పాడుకుంటూ తిరిగిన పిల్లాడు, రాజమండ్రిలో మూకీ సినిమాకి తెర పక్కన నిలబడి కథ చెప్పి పొట్ట పోసుకున్న కుర్రాడు, గబ్బిలం చేత కబురు పంపిన కవి - ఆ జాషువాని లోకం పద్యాల్లో చూసింది. కూతురు ఇంట్లో చూసింది. గోరా కొడుకు లవణంతో 1960లో ఆ కూతురు పెళ్లికి కులమూ మతమూ పక్కన పెట్టి నిలబడిన తండ్రి కూడా ఆయనే. పద్యంలో కులాన్ని తిట్టడం ఒకెత్తు, సొంత గుమ్మంలో దాన్ని దాటడం ఒకెత్తు. ఆ రెండోది ఇంటి కథ చెప్తేనే బయటపడుతుంది.

తెలంగాణలో వై.బి. సత్యనారాయణ తన తండ్రి గురించి రాసిన పుస్తకం 2011లో ఇంగ్లీషులో అచ్చయింది, తర్వాత 'మా నాయన బాలయ్య'గా తెలుగులోకొచ్చింది. బాలయ్య మంత్రీ కాదు, నాయకుడూ కాదు. రైల్వేలో చిన్న ఉద్యోగి. ఊళ్లో వెట్టి వదిలి రైలు పట్టాల పక్కన క్వార్టరులోకి వచ్చిన మాదిగ కుటుంబం మూడు తరాల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో అందులో ఉంది. పిల్లల్ని కఠినంగా చదివించిన తండ్రి, ఆ కఠినం కింద ఆయన పెట్టుకున్న ఆశ రెండూ కనబడతాయి. రైల్వేకి ఒక బాలయ్య ఉన్నాడు. మరి మన పోర్టుకి? మన ఉక్కు కర్మాగారానికి?

విశాఖ పోర్టు 1933లో తెరుచుకుంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమిచ్చారు. దాని కోసం అరవైకి పైగా ఊళ్లు, ఇరవై వేల ఎకరాలకి పైగా భూమి పోయింది. ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలాళ్లయినోళ్లు గాజువాక, అగనంపూడి వైపు ఇప్పటికీ ఉన్నారు. ఇంత చరిత్రలో ఎన్ని టన్నులు దిగాయో, ఎన్ని టన్నులు కరిగాయో లెక్కలున్నాయి. ఆ టన్నులు మోసినోడు ఇంటికొచ్చి ఏ పాట పాడుకున్నాడో లెక్క లేదు.

మేం జ్ఞానాపురం, అల్లిపురం, కంచరపాలెం, మల్కాపురం, గాజువాక ఇళ్లలో కూర్చుని వినగా తెలిసినవి కొన్ని చెప్తాం. పగలంతా బస్తాల కొక్కెం పట్టిన చెయ్యి రాత్రి హార్మోనియం మెట్ల మీద ఎంత మెత్తగా నడిచేదో ఒక కూతురు చెప్పింది. కోక్ ఓవెన్ డ్యూటీ దిగి వచ్చి, క్వార్టరు వెనక బీరపాదుకి పందిరేస్తూ పొద్దు గడిపిన నాన్న ఉన్నాడు. ఆదివారం మాంసం తనే తెచ్చి, తనే కడిగి, ఇంకొకర్ని పొయ్యి దగ్గరకి రానివ్వకుండా తనే వండిన నాన్న ఉన్నాడు. గాలం పట్టుకుని తెల్లారగట్లే సముద్రం ఒడ్డుకి పోయి, చేప దొరక్కపోతే బజార్లో నెత్తళ్లు కొనుక్కొచ్చి తాను పట్టినవేనని పిల్లల దగ్గర గొప్పలు పోయిన నాన్న ఉన్నాడు. బొగ్గు దుమ్ము రాలే వీధిలో తెల్లచొక్కాయే కావాలని పట్టుబట్టి, చెంబులో నిప్పులు పోసి దాన్ని ఇస్త్రీ చేసుకున్నాయన ఉన్నాడు. క్రిస్మస్‌కి వెదురు పుల్లల్తో నక్షత్రం కట్టిన నాన్న, పండక్కి తప్పెటగుళ్లు ఆడిన నాన్న, తనకి చదువు రాకపోయినా పేపరు తెప్పించి పిల్లల చేత చదివించుకుని విన్న నాన్న ఉన్నాడు.

ఈ సాయంత్రాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ చూశాడు. ఫ్యాక్టరీల చట్టానికి 1945లో జీతంతో సెలవుల సవరణ, 1946లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన సవరణ ఆ కాలంలోనే వచ్చాయి. ఓడొస్తేనే కూలి అన్న రేవు బతుకుని కాస్త కుదుటపెట్టడానికి 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చింది. ప్రభుత్వ రంగంలో రిజర్వేషన్ వచ్చింది. షిఫ్టుకి మొదలూ చివరా ఉన్నాయి. వారానికో సెలవుంది. తలుపేసుకోడానికి ఒక క్వార్టరుంది. అప్పుడే మన నాన్న బీరపాదు వేశాడు. పాట పాడటం ఆయనకి ముందూ వచ్చు. పాడుకునే టైము మాత్రం చట్టం ఇచ్చింది, యూనియన్ నిలబెట్టింది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది సగం నిజమే అవుతుంది. నాన్నకి ఆదివారం ఉంది. అమ్మకి ఏ వారం ఉంది? నాన్న హార్మోనియం వాయిస్తుంటే అమ్మ గిన్నెలు తోముతోంది. నాన్న స్నేహితులొస్తే టీ కాచింది అమ్మే. జీతం రోజు సారా దుకాణం దగ్గర ఆగిన నాన్నల ఇళ్లలో సాయంత్రమంటే పిల్లలకి భయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్లు సారా మీద కొట్టిన దెబ్బ, ఒక రకంగా తమ ఇంటి సాయంత్రం తమకి కావాలని కొట్టిన దెబ్బే. దళిత స్త్రీ బయట కులం చేతిలో, ఇంట్లో మగాడి చేతిలో రెండుసార్లు నలుగుతోందని మన అక్కచెల్లెళ్లు రాసి రాసి చెప్పారు. అందుకని నాన్న గురించి రాసేటప్పుడు పూలదండ వెయ్యొద్దు. వండిన నాన్ననీ రాయండి, కొట్టిన నాన్ననీ రాయండి. ఒకే నాన్న రెండూ చేసి ఉంటే రెండూ రాయండి. అమ్మకి ఏది ఇష్టమో నాన్నకి తెలుసా అని కూడా అడగండి. ఆ జవాబులోనే చాలా ఇళ్ల గుట్టు ఉంది.

ఇప్పుడు ఆ సాయంత్రం మళ్లీ పోతోంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా నూటికి నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే 2025లో కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తున్నారని సమ్మె జరిగింది. ప్రభుత్వ రంగం పోతే దాంతోపాటు రిజర్వేషనూ పోతుంది, ఎందుకంటే ప్రైవేటు కంపెనీకి ఆ బాధ్యత లేదు. మన నాన్న పర్మినెంటు, మన తమ్ముడు కాంట్రాక్టు. నాన్నకి క్వార్టరు, తమ్ముడికి అద్దె గది. అదే గేటు, అదే వేడి, అదే దుమ్ము. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచడానికి నిర్ణయం తీసుకుంది. వారానికి 48 గంటలు దాటదుగా అంటున్నారు. గాజువాక నుంచి బస్సు పట్టుకుని పోయి, పది గంటలు నిలబడి, మళ్లీ బస్సు పట్టుకుని వచ్చిన తండ్రికి పిల్లలు ఎలా కనబడతారు? నిద్రపోతూ కనబడతారు. పిల్లలకి నాన్న ఎలా కనబడతాడు? తలుపు దగ్గర విడిచిన చెప్పుల్లాగ కనబడతాడు.

అందుకే యూనియన్ల మిత్రులకి మా మాట ఒకటి. కూలి రేటు అడగండి, బోనస్ అడగండి. దాంతోపాటు సాయంత్రం అడగండి. కాంట్రాక్టు కార్మికుడికీ జీతంతో వారపు సెలవు అడగండి. మునిసిపాలిటీ వీధులూడ్చే రెల్లి అన్నకీ అక్కకీ పండగ పూట ఇంట్లో ఉండే హక్కు అడగండి. మనిషి పని కోసమే పుట్టలేదని రేవులోనూ గేటు దగ్గరా గట్టిగా అనండి.

పేటల్లో పనిచేసే కార్యకర్తలకి ఇంకో మాట. వచ్చే ఏప్రిల్ 14కి ఉపన్యాసాలు కాస్త తగ్గించండి. ఒక గంట పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. మీ అయ్యకి ఏ పాట ఇష్టం? మొదటి జీతంతో ఏం కొన్నాడు? ఏ సినిమాకి తీసుకెళ్లాడు? మిమ్మల్ని ఎత్తుకున్నాడా? అమ్మతో ఎలా ఉండేవాడు? చదువుకున్న పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. ఆడపిల్లల చేత ముందు రాయించండి, వాళ్లకి ఇంట్లోది ఎక్కువ కనబడుతుంది. రాసినవి మాకు పంపితే అచ్చేస్తాం. పంపకపోయినా ఫర్వాలేదు, ఆ నోటు పుస్తకం పేటలో ఉండాలి. రేపు ఎవడైనా వచ్చి మీ తాతలు మోత కూలీలే గదా అంటే, అది తెరిచి చూపించడానికి ఉండాలి.

జై భీమ్.