కొండలు తెరకెక్కాయి.. మరి అరకు కుర్రకారు?

2025 సెప్టెంబర్ 5. ఒకే రోజు రెండు సినిమాలు. తూర్పు కనుమల్లో గంజాయి మోసేవాళ్ల కథతో క్రిష్, అనుష్కల 'ఘాటి' భారీగా వచ్చింది. పెద్ద స్టార్లు లేని 'లిటిల్ హార్ట్స్' కూడా అదే రోజు దిగింది. గెలిచింది చిన్న సినిమానే! హీరో మౌళి తనూజ్ యూట్యూబ్ వీడియోలతో మొదలై, '90స్' వెబ్ సిరీస్‌తో ఇంటింటికీ తెలిసినోడు. డైరెక్టర్ సాయి మార్తాండ్‌కి ఇదే తొలి సినిమా. రేపటి స్టార్ల లిస్టులో ఇప్పుడు ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

మరి అరకులోయ సంగతేంటి? షూటింగులకు కొండలు కావాలి, అక్కడి కుర్రకారు మాత్రం తెర మీద అరుదు. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, వీడియోలతోనే మొదలుపెట్టొచ్చని మౌళి చూపించాడు. కాకపోతే కొండ ఊళ్లకి ముందు సరిగ్గా సిగ్నల్ అందాలి. లేదంటే అరకు ఎప్పటికీ లొకేషనే!