పెద్ద ఎంసీబీ వేస్తే ప్రమాదం పోదు

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, కోవిడ్ కేంద్రంగా నడుస్తున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న భవనంలో 17 మంది. రెండు చోట్లా అధికారుల తొలి అనుమానం షార్ట్ సర్క్యూట్. అంతవరకు వినగానే మన ఆరా ఆగిపోతుంది. చాలాసార్లు వైరు కాలడానికి ముందే ఆనవాళ్లు చూపిస్తుంది. వాటిని ఎవరు చూస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

విజయవాడ–ఏలూరు రహదారికి నూజివీడు, గుడివాడ దారులు కలిసే హనుమాన్ జంక్షన్ లాంటి ఊళ్లలో దుకాణం గదులు అవే ఉంటాయి, వ్యాపారాలు మారుతుంటాయి. బట్టల కొట్టులో ఫ్యాన్లకు, ట్యూబులైట్లకు వేసిన వైరింగ్ మీదే రేపు బేకరీ వస్తుంది. ఓవెన్, డీప్ ఫ్రీజర్, ఏసీ చేరతాయి. ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది బిగిస్తాడు. ట్రిప్ కావడం ఆగిపోతుంది, యజమాని సంతోషిస్తాడు. నా దృష్టిలో ఇంతకన్నా ప్రమాదకరమైన మరమ్మతు లేదు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. గోడలోని 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మోయగలిగింది 15 ఆంపియర్ల చుట్టుపక్కలే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పైపులో ఇన్సులేషన్ మెత్తబడుతున్నా పెద్ద ఎంసీబీ కదలదు.

కాబట్టి కొత్తగా గది తీసుకునేవారు ముందు డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మూత తీయించి, వైరు సైజుకు ఎంసీబీ సరిపోతోందో లేదో అడగాలి. టేపు చుట్టిన జాయింట్లు, నల్లబడిన సాకెట్లు, ఏసీకి ఎక్స్‌టెన్షన్ బోర్డు కనిపిస్తే ఆ పని సరైనది కాదు. మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఆకుపచ్చ ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోందని పక్కనుంచి లైను కలిపేస్తారు. ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయాయనో, కరెంటు లీకవుతోందనో అది చెబుతున్నట్టు. దాని నోరు నొక్కేస్తే తడిచేత్తో ఫ్రీజర్ ముట్టుకున్న పనివాడికి దిక్కెవరు? 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బోర్డుల్లాంటివి ఎండబెట్టి వాడేయకూడదు. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే ఇన్సులేషన్ కనీసం ఒక మెగోమ్ చూపాలి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, చిన్నచిన్న మార్పిళ్లు తప్ప వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే, అర్హత పత్రమున్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేయాలి. కానీ చాలాచోట్ల పని చేసేది ఒకరు, కనెక్షన్ కోసం టెస్ట్ రిపోర్టు మీద సంతకం మరొకరిది. ఆ తర్వాత అద్దెదారు మారినా, లోడు పెరిగినా ఆ కాగితం తిరగరాసేవారుండరు. డిస్కమ్‌లు, విద్యుత్ భద్రతా విభాగం లోడు పెంపు కోరిన ప్రతి దుకాణానికీ కొత్త పరీక్ష తప్పనిసరి చేయాలి. అది జరిగేలోగా, అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు టెస్ట్ రిపోర్టు అడగండి. లేదంటే మీ ఖర్చుతోనైనా పరీక్ష చేయించాకే షట్టర్ ఎత్తండి.