సుడి, దిష్టి, లాయం
లాయంలో కట్టిన గుర్రం రాత్రంతా తల అటూ ఇటూ ఊపుతూ నిలబడినా, మేతతొట్టి అంచును ముందుపళ్లతో పట్టి గాలి పీలుస్తున్నా, గోడలను తన్నుతున్నా, అందుకు కారణాన్ని ఆ లాయంలో తప్ప మిగతా అన్నిచోట్లా వెతకడం మనుషులకు పాత అలవాటు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో గుర్రాలకు రాత్రివేళ చెమట పడితే, మంత్రగత్తె వచ్చి వాటిపై స్వారీ చేసిందని నమ్మి, సహజంగా చిల్లిపడిన చెకుముకిరాయిని లాయంలో వేలాడదీసేవారని జాన్ ఆబ్రీ నమోదు చేశాడు. ఉన్నచోటే గిరగిరా తిరిగిన గుర్రానికి చెమట పట్టడానికి మంత్రగత్తె అక్కరలేదన్న సంగతి ఆ రాయి కట్టినవారికి తట్టలేదు.

భారతదేశంలో ఈ నింద ఎక్కువగా సుడి మీద పడింది. ఒంటిమీది వెంట్రుకలు ఒక బిందువు చుట్టూ వలయంగా తిరిగి పెరిగే చోటును సుడి అంటారు. మెడమీది పొడవాటి సుడిని దేవమన్ అని మెచ్చుకుని, కళ్ల కింది సుడిని అశుభమని తోసిపుచ్చే ఆనవాయితీ మార్వాడీ గుర్రాల పెంపకందారులలో ఉంది. హేతువాది ఇక్కడ తొందరపడకూడదు. పోలండులో కోనిక్ జాతి గుర్రాలను పరిశీలించినవారికి నొసటి సుడి ఎత్తుకూ, గుర్రం లొంగుబాటుకూ మధ్య కొంత సంబంధం కనిపించింది. అయితే అది గుర్రం స్వభావానికి సంబంధించిన మాట, దాన్ని కొలిచి చూడవచ్చు. సంప్రదాయం చెప్పే సుడి మాత్రం యజమాని అదృష్టాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి, ఏది జరిగినా అదే రుజువుగా నిలుస్తుంది.

గుర్రం స్వేచ్ఛగా ఉన్నప్పుడు రోజుకు సుమారు 16 గంటలు మేస్తూ, మందతో కలిసి తిరిగే జంతువు. దాని కడుపులో మేత ఉన్నా లేకున్నా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, ఆ ఆమ్లం తీవ్రతను తగ్గించే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. అలాంటి జంతువును నాలుగు గోడల మధ్య నిలిపి, కొద్దిసేపట్లో తినేసే గింజల దాణాను పూటకింత పెట్టి, మిగతా వేళల్లో నోరు ఖాళీగా ఉంచితే అది ఏదో ఒకదాన్ని కొరకక తప్పదు. వాటర్స్, నికోల్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 225 గుర్రపు పిల్లలను నాలుగేళ్లు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాలలో, పాలు మాన్పించాక దాణా పెట్టినవాటిలో తొట్టి కొరికే అలవాటు నాలుగు రెట్లు ఎక్కువగా పుట్టిందని తేలింది. ఊగులాటకు మూలం ఒంటరితనంలో ఉందనడానికి, పక్క గుర్రం కనిపించేలా గోడలో కిటికీ తెరిచినా, చివరకు అద్దం అమర్చినా అది తగ్గడమే ఆధారం.

గుర్రాల శాలలో కోతిని కట్టే ఆచారం ఈ దేశంలో చాలా పాతది. చూసేవారి దిష్టీ, వచ్చే రోగమూ గుర్రాన్ని వదిలి కోతికి తగులుతాయని దాని వెనుక నమ్మకం. కోతి వచ్చాక గుర్రం నిజంగానే కుదుటపడి ఉండవచ్చు, ఎందుకంటే పందెపు గుర్రాలకు మేకను తోడు కట్టినా అలాంటి ఫలితమే కనిపించిందని చెప్పేవారున్నారు. ఏది పనిచేసిందో తేల్చడం కష్టమేమీ కాదు: కోతిని వచ్చేపోయేవారికి కనిపించి గుర్రానికి కనిపించనిచోట కట్టి చూడాలి, తర్వాత గుర్రానికి మాత్రమే కనిపించేచోట కట్టి చూడాలి. దిష్టి సిద్ధాంతం నిజమైతే మొదటి ఏర్పాటు ఫలించాలి. ఆ కోతి బాగోగులు ఎవరూ అడగలేదన్నది వేరే విషయం.

సుడినీ దిష్టినీ చూసి నవ్వే ఆధునిక లాయాలలోనూ ఇలాంటి నమ్మకమే మరో వేషంలో ఉంది. తొట్టి కొరికే గుర్రాన్ని చూసి పక్కవి నేర్చుకుంటాయని చాలామంది యజమానులు నమ్ముతారు గాని, అందుకు గట్టి ఆధారం దొరకలేదు. ఒకే దాణా, ఒకే తరహా గోడలు, ఒక్కోసారి ఒకే వంశం పంచుకున్న గుర్రాలకు ఒకే అలవాటు రావడంలో వింత లేదు. అంటువ్యాధి వచ్చినదానిలా కొరికే గుర్రాన్ని మూలగదికి మార్చి, మెడ వంచనివ్వని పట్టీ బిగిస్తే కొరకడం ఆగినట్టు కనిపిస్తుంది. కాని కొంతకాలం ఆపి వదిలిన గుర్రం ముందుకన్నా ఎక్కువగా కొరికిందని మెక్‌గ్రీవీ, నికోల్ 1998లో చూపారు. మూలగదిలో తోటి గుర్రం కూడా కంటికి కనిపించదు గనుక, అక్కడ ఊగులాట కూడా తోడైతే, గుర్రానిది పుట్టు పొగరని సాయిసు చెప్పే మాటకు యజమాని తల ఊపుతాడు.