ఎగుమతి నిషేధం ఆహార భద్రత కాదు

బియ్యం ధర కాస్త పెరిగితే చాలు, ఒకే మాట నలుదిక్కులా వినిపిస్తుంది: "ముందు దేశం తినాలి, ఆ తర్వాతే ఎగుమతి." టీవీ చర్చల్లో కూర్చున్న ఆర్థికవేత్తలు, సంపాదకీయాలు రాసే పెద్దలు, ఏ పార్టీ నాయకులైనా దీనికి తలూపుతారు. వినడానికి ఇంత న్యాయంగా ఉన్న మాటను కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నేను కాదంటున్నాను. 2022 సెప్టెంబరు నుంచి 2025 మార్చి దాకా బియ్యం మీద అమలైన ఆంక్షలు ఎవరి ఆకలినీ ఆపలేదు. పట్నాల్లో ధర తగ్గించడానికి అయ్యే ఖర్చును మునగాల, కోదాడ, మిర్యాలగూడ రైతుల నెత్తిన పెట్టాయి.

ఏం జరిగిందో వరుసగా గుర్తుచేసుకోవాలి. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక ప్రపంచమంతా తిండిగింజల ధరలు ఎగబాకాయి. 2022 మేలో మన ప్రభుత్వం గోధుమ ఎగుమతి ఆపింది. సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించి, పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతినే నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం పడింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. అంత పెద్ద అమ్మకందారు ఒక్క రాత్రిలో అంగడి కట్టేస్తే ఏమవుతుంది? ఆ ఆగస్టుకల్లా ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది.

ఇంతకీ దేశంలో బియ్యం లేవా? జూలై 1 నాటికి కేంద్రం దగ్గర ఉండాల్సిన బియ్యం నిల్వ 135.4 లక్షల టన్నులు. 2023లో ఆ తేదీకి, మిల్లుల్లో ఆడించాల్సిన వడ్లను కూడా కలుపుకుంటే, ఉన్నది అంతకు రెట్టింపు పైమాటే. ఆ ఏడాది జనవరి నుంచే 80 కోట్ల మందికి రేషన్ గింజలు ఉచితంగా ఇస్తున్నారు. పేదవాడి కంచంలోకి వచ్చే బియ్యం ఆ గోదాముల్లోంచి వస్తాయి, ఓడరేవులో ఆపిన సంచుల్లోంచి కాదు. ఏడాదిలో చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని, అందుకే నిషేధమని ప్రభుత్వమే చెప్పుకుంది. ధర పెరగడం కొనేవాళ్లకు ఇబ్బందే, దాన్ని నేను తీసిపారేయను. కానీ దుకాణంలో కొనేవాళ్లకు ఊరట ఇవ్వాలంటే నిల్వల్లోంచి బియ్యం తీసి అమ్మవచ్చు, పన్నుల సొమ్ముతో భరించవచ్చు. పండించినవాడి బేరం కోసేయడం ఊరట ఎలా అవుతుంది?

ఎల్‌నినో భయం వల్లే ఆ జాగ్రత్త అన్నారు. భయం అబద్ధం కాదు. 1901 తర్వాత దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న మేమూ నీటి కోసం ఆకాశం కేసి చూసిన ఏడాది అది. అయితే కరువులో దిగుబడి తగ్గిన రైతును కాపాడేది ఒక్కటే: ధర. గింజ తక్కువైన ఏడాది క్వింటాకు నాలుగు వందలు ఎక్కువ పలికితే పెట్టుబడి గట్టెక్కుతుంది. నిషేధం సరిగ్గా ఆ నాలుగు వందల దారినే మూసింది.

"ఆ ఏడు సన్నాలకు మద్దతు ధర కంటే ఎక్కువే వచ్చింది కదా" అని ఎదురు అడుగుతారు. వచ్చింది. అప్పటి మద్దతు ధర సాధారణ రకానికి 2,183 రూపాయలు, మిర్యాలగూడ మిల్లుల ముందు సన్నాలు దాన్ని దాటాయి. కానీ పోల్చాల్సింది మద్దతు ధరతో కాదు, తలుపు తెరిచి ఉంటే వచ్చే ధరతో. థాయ్‌లాండ్, వియత్నాం రైతులు ఆ ఏడు పదిహేనేళ్లలో చూడని ధర చూశారు. మనవాళ్లు చూడలేదు. ఆ తేడా ఏ బడ్జెట్‌లోనూ కనపడని పన్ను. మన దేశంలో ఎరువులకు, కరెంటుకు ఇచ్చే రాయితీలన్నీ లెక్కగట్టాక కూడా సాగుదారుకు అందే మద్దతు సున్నా కంటే కిందే ఉంటుందని ఓఈసీడీ ఏటేటా తేలుస్తున్నది ఇలాంటి ఆంక్షల వల్లే. ఒక చేత్తో ఇచ్చింది చూపిస్తారు, రెండో చేత్తో తీసుకున్నది చూపించరు.

ఉప్పుడు బియ్యం సంగతి మరీ అన్యాయం. యాసంగి కోతల నాటికి ఎండలు ముదురుతాయి. పచ్చిగా ఆడిస్తే గింజ విరిగి నూక అవుతుంది కాబట్టి ఆ పంటను ఉడకబెట్టి ఆడించక తప్పదు. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని బాయిల్డ్ మిల్లులు లేచింది అందుకే. 2021లో కేంద్రం, ఇకపై ఉప్పుడు బియ్యం తీసుకోబోమని చెప్పేసింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. ఆ గొడవలో రాజకీయం ఎంతైనా ఉండనీ, రైతుకు అందిన సందేశం మాత్రం స్పష్టం: మేం కొనం, మీరే అమ్ముకోండి. ఏడాదిన్నర తిరగకముందే అదే ఉప్పుడు బియ్యం దేశం దాటాలంటే 20 శాతం కట్టమన్నారు. కొనడానికి ఎక్కువైన సరుకు అమ్మడానికి వచ్చేసరికి తక్కువెలా అయింది? ఆహార భద్రత వాదం చేసేవాళ్లలో ఒక్కరూ దీనికి జవాబు చెప్పలేదు.

పైగా ఆ నిషేధం అందరికీ నిషేధం కాదు. దేశాలకు దేశాలే ఒప్పందం చేసుకుంటే సహకార సంస్థ ఎన్‌సీఈఎల్ ద్వారా పంపారు. ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులు, కామెరూన్‌కు 1,90,000 టన్నులు, మలేసియాకు 1,70,000 టన్నులు అనుమతించారు. ఆకలి ఉన్న దేశానికి బియ్యం వెళ్లడం మంచిదే. కానీ అక్కడితో అది కొరత వ్యవహారంగా మిగలక, దౌత్య వ్యవహారమైంది. ఎవరికి ఇవ్వాలో విదేశాంగ అవసరాలను బట్టి నిర్ణయిస్తున్నప్పుడు ఆ స్నేహాల ఖర్చు దేశమంతా పంచుకోవాలి. మునగాల మండలంలో మూడెకరాలు కౌలుకు చేసేవాడు ఒక్కడే ఎందుకు మోయాలి?

సరిహద్దు ధరను ఎలా శాసిస్తుందో ఈ నేలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ఇది బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా ముక్క. పక్కనున్న కోదాడ వేరే రాజ్యం. సరుకు గీత దాటితే కరోడ్‌గిరీ సుంకం కట్టాల్సిన రోజులవి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాద్‌కు నడిచిన దారీ ఇదే. 1959లో గానీ ఈ పరగణా నల్గొండ జిల్లాలో కలవలేదు. దేశ సరిహద్దు సంగతీ ఈ నేలకు దూరం కాదు: 2020 జూన్ 15న గాల్వన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. చైనా సరిహద్దు మన విషయం కాదని సూర్యాపేటలో ఎవరూ అనరు. మరి ఓడరేవు దగ్గర గీసే గీత మన విషయం ఎందుకు కాకుండా పోయింది?

నిషేధం 2024 సెప్టెంబరు 28న ఎత్తేశారు, టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో. అక్టోబరులో ఆ షరతూ తీసేశారు. అప్పటికి ప్రపంచ ధర దిగడం మొదలైంది, 2025లో ఏళ్ల తరబడి చూడనంత కిందికి పోయింది. ధర ఉన్నప్పుడు గేటు వేసి, ధర పోయాక తీశారు. 2025 మార్చి 31న కాకినాడ నుంచి 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయలుదేరాయి. జెండా ఊపిన పౌర సరఫరాల మంత్రి మన హుజూర్‌నగర్ ఎమ్మెల్యేనే. మంచి ప్రయత్నం. కానీ ఆరు నెలలు గడవకముందే, సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ బియ్యం దిగుమతులు ఆపేసింది. ఎందుకని? తమ రైతుకు వడ్ల ధర పడిపోయిందని. బియ్యం కొనుక్కుని బతికే దేశం, ధర పడితే తన రైతు కోసం గేటు వేసింది. బియ్యం అమ్మే మన దేశం, ధర పెరిగితే తన రైతు ముఖం మీద గేటు వేసింది. పత్తి విషయంలోనూ ఇదే నడక: 2025 ఆగస్టులో అమెరికా సుంకాల దెబ్బకు జౌళి మిల్లులు అల్లాడితే, కోతకు ముందర దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశారు.

ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో 12వ అధికరణం ఉంది. ఆహార ఎగుమతిని నిషేధించే దేశం కొనే దేశాల ఆహార భద్రతను ఆలోచించాలి, వీలైనంత ముందుగా నోటీసు ఇవ్వాలి. అంటే మనీలాలో కొనేవాడికి నోటీసు హక్కు కాగితం మీదైనా ఉంది. వానకాలం నాట్లు వేస్తున్న జూలై 20న వచ్చిన ఉత్తర్వు గురించి ఇక్కడ నాటు వేసినవాడికి ఏ హక్కూ లేదు. కేంద్రం చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఎగుమతి విధానం నార్లు పోయకముందే, మే నెలలోనే ప్రకటించాలి. పంట చేలో ఉండగా దాన్ని మార్చకూడదు. మార్చక తప్పని విపత్తు వస్తే, ఆ రోజు విదేశీ ధరకూ ఇక్కడి ధరకూ ఉన్న తేడాను కౌలుదారుతో సహా సాగు చేసినవాడి ఖాతాలో వేయాలి. ఆ డబ్బు లేదంటారా? మద్దతు ధరకు కొన్న వడ్లను ఆడించి, 2024-25లో క్వింటా 2,250 రూపాయలకు లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకు ఇవ్వడానికి డబ్బు దొరికింది.