నల్లమల ఘాట్‌ను బల్లమీదికి తేవాలి

దిగువమెట్ట దాటాక గుంటూరు–నంద్యాల రైలుమార్గం నల్లమలలోకి దూరుతుంది. 19వ శతాబ్ది చివర్లో వేసిన మీటర్ గేజ్ దారి దొరబావి వంతెన మీదుగా లోయ దాటేది. బ్రాడ్ గేజ్ వచ్చాక ఆ దారి మూలపడింది. దానిమీద ప్రయాణించినవాళ్లు ఉండగానే ఆ ఘాట్‌ను నమూనాగా కట్టి, మార్కాపురంలోనో గిద్దలూరులోనో పిల్లలకు చూపాలి.

పుణేలో జోషి సూక్ష్మ రైళ్ల మ్యూజియం 1998 నుంచీ నడుస్తోంది. మనకెందుకు సాధ్యం కాదు?

నమూనాలకు ఎక్కువమంది వాడే కొలత 1:87. ఆ లెక్కన మీటర్ గేజ్ పట్టాల మధ్య దూరం 11.5 మిల్లీమీటర్లు, బజారులో దొరికే 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు సరిపోతాయి. నేటి బ్రాడ్ గేజ్ బొగ్గు వ్యాగన్ అయినా అదే కొలతలో సుమారు 12 సెంటీమీటర్లకు కుదురుతుంది. అసలు పనితనమంతా రంగులోనే ఉంది. ఎర్రమట్టి రంగు వేసి వదిలేస్తే అది ఉత్త బొమ్మ. నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమరంగును సందుల్లోకి పారించి, పైన గుడ్డతో తుడిస్తే తుప్పు పుడుతుంది. పొడికుంచెతో అంచులు తేల్చి, సుద్దపొడి అద్దితే ఎండాకాలపు దుమ్ము. ఇంత శ్రద్ధ పెట్టిన పిల్లవాడు గూడ్సు బండిని మళ్లీ మామూలుగా చూడలేడు.

కొండలకు రాయి వెతకనక్కర్లేదు. మార్కాపురం పలకరాయి పొరలుగా చీలుతుంది. పారేసిన ముక్కలు పేరిస్తే లోయగోడలు సిద్ధం.

ముందుగా పాలిటెక్నిక్ విద్యార్థులు, రిటైరైన రైల్వే ఉద్యోగులు కలిసి, అనుమతితో పాత కట్టడాల కొలతలు తీయాలి. ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.