కల్లు ఆగితే వణుకెందుకు?

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరగగానే నిజామాబాద్‌తో పాటు పలుచోట్ల ఆసుపత్రులకు రోగులు వరసకట్టారు. చేతుల వణుకు, నిద్రలేమి, పొంతన లేని మాటలు, ఫిట్స్. రోజూ తాగే కల్లు దొరక్కపోవడమే వాళ్లను పడగొట్టింది. అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు. మెదడులో ఉద్రేకాన్ని పెంచేది గ్లుటమేట్, అణచేది గాబా. తక్కెడలో రెండు పళ్లేల్లా ఇవి సరితూగుతుంటాయి. ఈ మందులు గాబా పనికి బలం చేకూరుస్తాయి. రోజూ అదే జరిగితే మెదడు గాబాకు స్పందించడం తగ్గించుకుని, ఉద్రేకం వైపు బరువు పెంచుకుంటుంది. అందుకే నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. సరుకు ఒక్కసారిగా ఆగితే తక్కెడ దబ్బున రెండోవైపు వాలిపోతుంది. ఫిట్స్ వచ్చేది అప్పుడే.

మనసు గట్టిదైతే మానేయొచ్చు అనేవారున్నారు. మానాలన్న పట్టుదల అవసరమే, కానీ అది ఫిట్స్‌ను ఆపలేదు. చికిత్స పేరుతో అదే తరహా మందు ఇవ్వడం వ్యసనాన్ని పోషించడమే కదా అన్నది ఇంకో అభ్యంతరం. కానీ రెండింటికీ తేడా ఉంది. దుకాణంలో సీసాలో ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు. వైద్యుడు మాత్రం మోతాదు లెక్కగట్టి వారాల తరబడి తగ్గిస్తూ పోతాడు. మెదడు సర్దుకోవడానికి ఆ వ్యవధి చాలా ముఖ్యం.

కల్తీదారులపై దాడులు జరగాల్సిందే. అయితే సోదా జరిగిన రోజే ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మందులు, సిబ్బంది చేరాలి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే మత్తు బానిసకు కొన్ని కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే వీలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. ఆ దారి చూపకుండా సీసా లాక్కుంటే సగం పనే చేసినట్టు.