కోతి మరణాల నిఘా: వ్యవసాయ విస్తరణ విభాగం బాధ్యత

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు పెద్ద సంఖ్యలో మరణించాయి. అదే కాలంలో పరిసర గ్రామాల ప్రజలు తీవ్ర జ్వరం, ఒళ్లునొప్పులు, కొందరు రక్తస్రావంతో బాధపడ్డారు. ఈ రెండింటికీ పిడుదుల ద్వారా వ్యాపించే ఒకే వైరస్ కారణమని పూణేలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు గుర్తించారు. స్థానికులు 'మంగన కాయిలె', అనగా కోతి జబ్బు అని పిలిచే ఈ క్యాసనూరు అటవీ వ్యాధికి నాటి నుండి కోతి మరణమే ప్రధాన హెచ్చరికగా ఉన్నది.

ఈ హెచ్చరికకు బలమైన శాస్త్రీయ ఆధారం ఉన్నది. అడవి ఎలుకలు, చుంచెలుకలు వంటి చిన్న జంతువులలోను, పిడుదులలోను వైరస్ నిలిచి ఉంటుంది. కొండముచ్చులకు, కోతులకు సోకినపుడు వాటి రక్తంలో విపరీతంగా వృద్ధి చెందుతుంది. జంతువు మరణించగానే వైరస్ సోకిన పిడుదులు కళేబరాన్ని విడిచి ఆ పరిసరాలలోనే నేలను చేరుతాయి. అందువలన కళేబరం చుట్టూ 50 మీటర్ల మేర పిడుదుల మందు చల్లడం ఆనవాయితీ అయినది. సమాచారం ఆలస్యమైతే ఈ చర్యకు ప్రయోజనం ఉండదు.

ఆ సమాచారం ఎవరి నుండి రావాలి? మలెనాడు వక్క రైతులు, కూలీలు అడవిలో రాలిన ఆకులను సేకరించి పశువుల పాకలలో పరచి, పిదప ఎరువుగా వాడతారు. పశువులు మేతకు అడవికి వెళ్లి పెద్ద పిడుదులను పోషిస్తాయి. ఎండుటాకులు సేకరించే పొడి నెలలలోనే పిల్ల పిడుదులు చురుకుగా ఉంటాయి. కళేబరాన్ని ముందుగా చూసేవారు, పిడుదు కాటుకు ముందుగా గురయ్యేవారు కూడా ఈ శ్రామికులే. అయితే పంటను పాడుచేసే కోతి చనిపోతే కబురు చేయాలన్న ఆసక్తి రైతుకు సహజంగా ఉండదు. విషం పెట్టారన్న అనుమానం తమపైకి వస్తుందన్న భయం కూడా మౌనానికి దారితీయవచ్చు. దట్టమైన అడవిలో పడిన కళేబరం అసలు కంటబడకపోవచ్చు. కనుక మరణాలు నమోదు కాని ప్రాంతాన్ని సురక్షిత ప్రాంతంగా భావించరాదు. నేలపై గుడ్డను ఈడ్చి పిడుదులను సేకరించి పరీక్షించడం, చిన్న జంతువులను పరిశీలించడం వ్యాధి కాలానికి ముందే, నవంబరు నాటికే జరగాలి.

ఆరోగ్య, అటవీ, పశుసంవర్ధక శాఖలు ఉండగా నాలుగవ శాఖ దేనికని ప్రశ్నించవచ్చు. రైతు తోటకు క్రమం తప్పక వెళ్లేది విస్తరణ సిబ్బందే. కళేబరాన్ని తాకవద్దని, వెంటనే తెలియజేయాలని, తెలిపినవారిపై నింద ఉండదని చెప్పగల నమ్మకం వారికే ఎక్కువ. మరణం నమోదైన చోట ఆకుల సేకరణను తక్షణం ఆపించడం, ఇతర చోట్ల ఒంటిని కప్పే దుస్తులు, పిడుదులను దరిచేరనీయని నూనె వాడించడం, పని ముగిశాక శరీరాన్ని పరీక్షించుకొనే అలవాటు చేయించడం సాగు సలహాలో భాగం కావాలి. ఆకుల సేకరణ ఆపమన్నపుడు ప్రత్యామ్నాయ పరుపు, పచ్చిరొట్ట ఎరువు కూడా చూపాలి. లేనిచో ఆ సలహాను రైతు పాటించలేడు.

సోకినవారిలో 3 నుండి 5 శాతం మందిని బలిగొనే ఈ వ్యాధికి ప్రత్యేక ఔషధం లేదు. పాత టీకా తగినంత రక్షణ ఇవ్వనందున దాని వాడకం నిలిచిపోయినది. గత దశాబ్దంలో వయనాడు, గోవా, సింధుదుర్గ్ ప్రాంతాలలో కూడా వ్యాధి కనిపించినది. అడవి ఆకును సేంద్రియ ఎరువుగా సిఫారసు చేసే శాస్త్రవేత్త, దానిని సేకరించే చేతుల రక్షణను సైతం అదే సిఫారసులో పేర్కొనవలెను. విద్యార్థుల గ్రామీణ అనుభవ శిక్షణలో కూడా ఈ అంశానికి చోటు కల్పించడం సముచితం.